ఎరుపు పట్టిన గుడ్డు పెంకులు

మా వీధిలో ప్రతి ఇంట్లోనూ క్యాలెండర్ ఉంది. అయినా ఏ కాలం నడుస్తోందో తెలుసుకోవడానికి మావాళ్లు సైడు కాలవలోకే తొంగిచూసేవాళ్లు. కాలవ నల్లగా పారితే అయ్యప్ప స్వాములు మాల వేసుకునే రోజులు వచ్చినట్టు. ఎర్రగా పారితే భవానీలవి. పసుపు పారితే పెళ్లిళ్లు దగ్గర పడ్డట్టు. వేసవి చివర్లో లేత నీలం కనబడిందంటే ఏదో ప్రైవేటు స్కూలు మళ్లీ యూనిఫాం మార్చిందనీ, కొత్తది కొనలేని తల్లులు పాత చొక్కాలు పట్టుకుని సంపూర్ణమ్మ దగ్గరికి చేరారనీ అర్థం.

సంపూర్ణమ్మ మా భవానీపురంలో రంగులు వేసే మనిషి. వీధి ఎగువ చివర రెండు గదుల ఇల్లు, వెనక పెరడు, పెరట్లో మూడు గంగాళాలు, ఒక పొయ్యి, అడ్డదిడ్డంగా కట్టిన తాళ్లు. ఆమె పుట్టింది పామర్రు దగ్గర ఒక పల్లెలో. పెళ్లయ్యేదాకా ఆమెకు తెలిసిన రంగు వరినారు పచ్చ ఒక్కటే. భర్త పుల్లయ్య పెడనలో కలంకారీ అద్దకాల దగ్గర పని నేర్చుకుని బెజవాడ వచ్చినవాడు. ఆయన నేర్పిన పనితోనే, ఆయన పోయాక కూడా, కొడుకు యేసుకుమార్‌ని పెంచి ఆటోనగర్‌లో మెకానిక్‌ని చేసింది. ఆమె అరచేతుల అసలు రంగు ఏమిటో వీధిలో ఎవరికీ తెలియదు. ఆదివారం గుడికి తెల్లచీర కట్టుకుని వెళ్తుంది. చేతులు మాత్రం ఆ వారం ఏ రంగు నడిస్తే ఆ రంగులో ఉంటాయి. ప్రభురాత్రి భోజనంలో రొట్టె అందిస్తూ పాస్టరు గారు ఆ చేతులు చూసి ఒక్క క్షణం ఆగుతారని ఆమే చెప్పి నవ్వుతుంది.

ఆమెకున్న గర్వం అంతా ఇంతా కాదు. "నా చేతిలో పడ్డ రంగు చీర చిరిగినా పోదు" అంటుంది. చీర సంగతి నిజమే. గుడ్డ పట్టగా మిగిలిన రంగు ఎక్కడికి పోతుందన్నది మాత్రం ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. కాలవలోకి పోతుంది. కాలవ పల్లానికి పోతుంది. పల్లంలో బసవపున్నయ్య గారి ఇల్లుంది.

బసవపున్నయ్య గారిదీ పామర్రు వైపే. పొలం కౌలుకిచ్చి, ఇక్కడ మూడంతస్తులు కట్టి, కింద తాను ఉంటూ పైవి అద్దెకిచ్చారు. పొద్దున్నే గేటు ముందు నిలబడి కాలవను చూడటం ఆయన ఉద్యోగం. చేను గట్టున నిలబడి నీళ్లు చూసిన అలవాటు, చేను దూరమైనా పోలేదు. వాన పడితే కాలవ పొంగి ఆయన గుమ్మం ముందున్న తెల్ల పాలరాతి మెట్లకు రంగు అంటుకునేది. ఆయన ఏటా కార్తీకంలో భవానీ మాల వేసుకుంటారు. ఏటా ఆ ఎర్రబట్టలకు రంగు వేసేది సంపూర్ణమ్మే. ఆ ఎరుపు ఒంటిమీద ఉంటే భక్తి, మెట్ల మీద ఉంటే కాలుష్యం.

మొన్న వేసవిలో ఆయన కాలవను ఫోటో తీసి, ఫోనులోనే ఫిర్యాదు పెట్టారు. మా వీధిలో పగిలిన పైపు గురించి ఏళ్ల తరబడి మొత్తుకున్నా రాని మనిషి, ఈ ఫోటోకు మాత్రం వెంటనే వచ్చాడు. జయంత్ అని, కార్పొరేషన్‌లో కుర్ర అధికారి. స్కూటర్ మీద వచ్చి, గంగాళాలు చూసి, ముక్కు మీద వేలేసుకుని మర్యాదగానే చెప్పాడు.

"అమ్మా, దీపావళి దాటాక మళ్లీ వస్తాను. అప్పుడు కూడా కాలవలో రంగు కనబడితే ఈ పెరడు మూయించడం తప్ప నా చేతిలో ఏమీ ఉండదు."

దీపావళి మర్నాడు కార్తీకం మొదలవుతుంది. ఆమె ఏడాది తిండి ఆ నెల ఎరుపులోనే ఉంది. ఆ సంగతి జయంత్‌కు తెలియదు. బసవపున్నయ్య గారికి తెలుసు గానీ, ఆ రెండింటినీ కలిపి ఆలోచించలేదు.

సంపూర్ణమ్మ వారం రోజులు అందరినీ తిట్టింది. తిట్టాల్సినవాళ్లు అయిపోయాక కోడలి వైపు తిరిగింది.

కోడలు హెలెన్ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. అక్కడ ప్రయోగాల గదికి తాళం వేసి ఉంటుంది. పిల్లలు ప్రయోగాలను పుస్తకంలో చదువుకుని పరీక్ష రాస్తారు. కాబట్టి ఆ అమ్మాయికి ఇన్నేళ్లుగా లోపల దాచుకున్న కోరిక ఒకటుంది, చేత్తో ఏదైనా చేసి చూడాలని. అత్తగారి కష్టం ఆమెకు కలిసొచ్చింది.

"తిండి చెత్తతో రంగునీళ్లు బాగుచెయ్యొచ్చు అత్తయ్యా. అరటి తొక్కలు, టీ పిప్పి, కమలా తొక్కలు... ఎండబెట్టి పొడి చేసి నీళ్లలో వేస్తే రంగు పట్టేస్తాయి."

"తిని పారేసిన తొక్కలకి అంత బలముంటే, తిన్నవాళ్లకి ఎందుకు లేదే?"

"బలం కాదండీ. స్పాంజి నీళ్లు పీల్చుకోడం చూశారుగా, ఇది అలా కాదు. మొహానికి పౌడరు అంటుకున్నట్టు రంగొచ్చి పైపైన అంటుకుంటుంది. పొడి ఎంత మెత్తగా ఉంటే అంటుకునే చోటు అంత ఎక్కువ."

"అంటే తొక్కలకి రంగు వెయ్యడమన్న మాట" అంది సంపూర్ణమ్మ. ఆ మాటతో ఈ పని తన రాజ్యంలోదే అని ఆమెకు నమ్మకం కుదిరింది. అక్కణ్నుంచి కోడలి మాట వినడం మానేసింది.

అరటి తొక్కలు డాబా మీద ఎండబెట్టారు. సగం కాకులు తీసుకెళ్లి బసవపున్నయ్య గారి డాబా మీద పడేశాయి. మిగిలిన సగాన్ని సంపూర్ణమ్మ వంటింటి మిక్సీలోనే పొడి కొట్టింది. ఆ వారమంతా టమాటా పచ్చడిలో ఏదో తేడా ఉందని యేసుకుమార్ అంటూనే ఉన్నాడు. ఇక టీ పిప్పి. కడిగి ఆరబెట్టాలని హెలెన్ చెప్పింది. "టీ అంటేనే మరగబెట్టిన నీళ్లు, మళ్లీ కడగడం ఏంటి?" అని అత్తగారు బస్తా బస్తాగానే పెరట్లో పోసింది. మా బెజవాడ టీలో పాలు, చక్కెర ఎంతుంటాయో తెలిసిందే కదా. మర్నాటికి పిప్పి పులిసింది. ఆ మర్నాటికి కృష్ణా జిల్లా చీమలన్నీ సంపూర్ణమ్మ పెరట్లో సభ పెట్టాయి.

అయినా కడిగి, ఎండబెట్టి మళ్లీ చేశారు. యూనిఫాం నీలాన్ని, ఊదాని అరటి తొక్కలు బాగానే పట్టాయి. నీళ్లు తేటపడటం చూసి హెలెన్ చప్పట్లు కొట్టింది. అప్పుడు భవానీ ఎరుపు పోశారు. తొక్కలు మునిగాయి, తేలాయి, నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. ఎంత పొడి వేసినా అంతే.

"ఈ తొక్క స్వభావం, ఈ ఎరుపు స్వభావం ఒకటే అత్తయ్యా. ఒకే రకం విద్యుత్తు. దగ్గరికొస్తే ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి."

"ఒకే ఇంట్లో మీ ఇద్దరిలాగా" అన్నాడు యేసుకుమార్. ఆ రాత్రి అతనికి అన్నం ఎవరు వడ్డించాలన్న విషయంలో అత్తాకోడళ్లు మొదటిసారి ఒక్కమాట మీద నిలబడ్డారు. ఎవరూ వడ్డించలేదు.

ఎరుపుకు మందు గుడ్డు పెంకులో ఉందని హెలెన్ చెప్పింది. పెంకులో సున్నం ఉంటుంది, లోపల అంటుకుని పలచని పొర ఉంటుంది, ఆ రెండూ ఈ ఎరుపును పట్టుకుంటాయని. వీధి మొగలో సురేష్ ఎగ్ దోసె బండి ఉంది. సాయంత్రం నాలుగింటి నుంచి బండి కింద పెంకుల గుట్ట పెరుగుతూనే ఉంటుంది. అతను వాటిని కాలవలోనే ఊడ్చేవాడు, కాబట్టి సంపూర్ణమ్మ వచ్చి అడిగితే ఎగిరి గంతేశాడు.

"తీసుకో పిన్నీ, బకెట్ నీది, పెంకులు నావి, పుణ్యం సగం సగం."

పెంకుల్ని కడిగి, ఎండబెట్టి, మూకుడులో వేయించి, రోట్లో దంచి, పాత చున్నీలో జల్లించారు. యేసుకుమార్ ఆటోనగర్ నుంచి రెండు ఖాళీ డ్రమ్ములు తెచ్చాడు. వాటికి అంటిన ఆయిల్ పోగొట్టడానికే రెండు ఆదివారాలు పట్టింది. అడుగున కంకర, దాని మీద ఇసుక, పైన పెంకు పొడి. గంగాళంలో మిగిలిన ఎర్రనీళ్లు పోస్తే మొదటి డ్రమ్ము కిందనుంచి రోజాపూల రంగులో వచ్చాయి. రెండో డ్రమ్ము కిందనుంచి మజ్జిగ మీద తేటలా వచ్చాయి. సంపూర్ణమ్మ గ్లాసుతో పట్టి నోటి దాకా తీసుకెళ్లింది.

"అయ్యో, తాగకండి! రంగు పోయిందంతే. తాగే నీళ్లు కావవి."

"తాగుతానా ఏంటే, వాసన చూస్తున్నా" అంది గ్లాసు దించి. ఆమె తాగబోయిందని పెరట్లో ఉన్న అందరికీ తెలుసు.

ఎరుపు పట్టిన పొడిని కాలవలో గానీ మొక్కల్లో గానీ పోయకూడదని హెలెన్ గట్టిగా చెప్పింది. దాన్ని సిమెంటులో కలిపి పెరట్లో బట్టలు ఉతికే గట్టు కట్టించారు. విజయవాడలో ఎర్రగట్టున్న పెరడు తనదొక్కటేనని ఆమె అప్పటినుంచి చెబుతోంది. ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి నిజమే కావచ్చు.

ఇక అక్కణ్నుంచి ఆమెను పట్టుకోవడం మా వల్ల కాలేదు. కూరగాయల బండి దగ్గర, రేషన్ దగ్గర, ఆటోలో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర, పెంకుల కథే. వానాకాలమంతా సురేష్ బండి కింద పెంకులు పడుతూనే ఉన్నాయి. వచ్చినవన్నీ ఎండబెట్టి దాచమని హెలెన్ పోరింది. సంపూర్ణమ్మ నవ్వేసింది.

"విజయవాడలో గుడ్డు పెంకులకి కరువొస్తదా ఏంటే! కాలేజీలో ఇదేనా చెప్పేది?"

దాచడానికి బదులు పంచింది. గులాబీ మొక్కలకు బలమని వీధిలో అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ కవర్లలో పోసిచ్చింది. అలా పంచితే తన గొప్ప ప్రతి ఇంటి కుండీలోనూ ఉంటుందని ఆమె లెక్క.

దీపావళి అయింది. మర్నాడు సాయంత్రం బకెట్ పట్టుకుని సురేష్ బండి దగ్గరికి వెళ్లింది. బండి మీద ‘ఎగ్’ అన్న అక్షరాల మీద తెల్ల కాగితం అంటించి ఉంది. పక్కన ‘ఓన్లీ వెజ్’ అని రాసి ఉంది. సురేష్ బొట్టు పెట్టుకుని పెసర పిండి కలుపుతున్నాడు.

"ఏరా, గుడ్లేవీ?"

"కార్తీకం కదా పిన్నీ! నేనే వచ్చే వారం మాల వేసుకుంటున్నా. ఈ నెల్లో గుడ్డు ముట్టుకుంటామా? నా బట్టలు మూడు జతలు నీ దగ్గరే ఉన్నాయిగా, మంచి ఎరుపు రావాలి."

"నీ బట్టలు ఎరుపెక్కాలంటే నీ గుడ్లు కావాల్రా!"

"ఆ మాట గట్టిగా అనకు పిన్నీ, ఎవరన్నా వింటారు."

ఆమె వీధంతా తిరిగింది. నూడిల్స్ బండివాడు గోబీ వేయిస్తున్నాడు. బిర్యానీ పాయింటు మూసి ఉంది. బేకరీలో అడిగితే, ఈ నెల్లో ఎగ్‌లెస్సే ఎక్కువ పోతోందని చెప్పి, పెంకులున్న చిన్న కవరు ఒకటి చేతిలో పెట్టారు. తన దగ్గరున్న పొడి ఒక్క గంగాళానికి సరిపోతుంది. ఎర్ర బట్టల మూటలు గోడ ఎత్తున ఉన్నాయి. ఎరుపు కావాల్సిన నెలలోనే పెంకులు దొరకవు, ఎందుకంటే ఎరుపు కట్టుకునేవాళ్లు గుడ్డు తినరు. ఈ చిన్న సంగతి ఇన్నేళ్లుగా ఆ నెల మీదే బతికిన మనిషికి తట్టలేదు. కెమిస్ట్రీ చదువుకున్న కోడలికీ తట్టలేదు. వాళ్లింట్లో మాత్రం కార్తీకంలో గుడ్లు చవకని రోజూ గుడ్డు కూరే.

"మనం తిన్న గుడ్ల పెంకులన్నా ఉంచారా అత్తయ్యా?"

"గులాబీలకేశాగా."

జయంత్ ఇక ఏ రోజైనా రావచ్చు. రంగు వేస్తే పెరడు పోతుంది, వేయకపోతే ఏడాది పోతుంది. సంపూర్ణమ్మ ఆ రెండు రోజులూ ఎవరినీ తిట్టలేదని వీధిలో కంగారు పడ్డారు.

ఆదివారం గుడిలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు తమకు చేసిన మేలు గురించి విశ్వాసులు ఒక్కొక్కరే లేచి చెప్పే సమయం అది. జ్వరం తగ్గినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు చెప్పి కూర్చున్నారు. సంపూర్ణమ్మ లేచి మైకు అందుకుంది.

"ప్రభువు నామానికి స్తోత్రం. ఈ వారం నా జీవితంలో దేవుడు ఇంకా ఏ మేలూ చెయ్యలేదు. మీరు చెయ్యాలి. మీ ఇళ్లలో గుడ్డు పెంకులు ఒక్కటి కూడా పారెయ్యకండి."

పాస్టరు గారు బైబిలు మూశారు, మళ్లీ తెరిచారు. స్త్రీల వరసలో గుసగుసలు మొదలయ్యాయి. సంఘంలో పెద్దావిడ అమలమ్మ కూర్చున్న చోటినుంచే అడిగింది.

"పెంకులెందుకు వదినా?"

"రంగునీళ్లు తేటపరచడానికి."

"ఎవరి రంగు?"

"భవానీలది."

"మనం తిన్న గుడ్లతో వాళ్ల మాలలకి ఏర్పాట్లా!"

హెలెన్ తల దించుకుంది. సంపూర్ణమ్మ ఎర్రటి చేత్తో మైకు ఇంకా గట్టిగా పట్టుకుంది.

"వదినా, నీకు బాప్తిస్మం ఎక్కడిచ్చారు?"

"కృష్ణలో. అందరికీ తెలిసిందేగా."

"వాళ్లు మునిగేదీ అందులోనే. మన వీధి కాలవ కూడా తిరిగి తిరిగి అక్కడికే పోతుంది. నేను రంగు వదిలితే నువ్వు మునిగిన నీళ్లకే అంటుద్ది. ఇక నీ ఇష్టం."

అమలమ్మ ముందుకు వంగింది. "ఉడకబెట్టిన గుడ్ల పెంకులు పనికొస్తాయా, పచ్చివేనా?" అని అడిగింది. "ఏవైనా పర్లేదండీ" అని హెలెన్ తల ఎత్తకుండానే చెప్పింది. అప్పటికి పాస్టరు గారు తేరుకుని, ఆ రోజు వాక్యం మొదలుపెట్టారు. ఏం చెప్పారో ఎవరికీ గుర్తులేదు.

సోమవారం నుంచి కవర్లు వచ్చాయి. కార్తీకంలో గుడ్లు చవక కాబట్టి సంఘంలో ప్రతి ఇంట్లో వాడకం మామూలుకన్నా ఎక్కువే ఉంది. పెంకుల కోసమని ఇంకొంచెం పెరిగింది. అమలమ్మ ఇంట్లో మనవలు గుడ్డు చూస్తే పారిపోయే దాకా వచ్చిందట. హాస్టల్ నడిపే ఒకాయన బస్తా పంపాడు. యేసుకుమార్ మెకానిక్ చేతులతో దంచాడు. హెలెన్ కాలేజీకి సెలవు పెట్టి, జీవితంలో మొదటిసారి అసలైన ప్రయోగంలో చెమటోడ్చింది. గంగాళాలు మళ్లీ పొయ్యెక్కాయి.

జయంత్ వచ్చిన పొద్దున పెరట్లో ఎరుపు ఉతికి గంట కూడా కాలేదు. ఆరేసిన బట్టలు ఇంకా ఇంటి వెనకే ఉన్నాయి. అతను కాలవ పక్కనే స్కూటర్ ఆపి వంగి చూశాడు. మురుగు మురుగు రంగులోనే పారుతోంది. గేటు ముందు నిలబడి కాలవనే చూస్తున్న బసవపున్నయ్య గారు కూడా అతని వెంట సంపూర్ణమ్మ గుమ్మం దాకా వచ్చారు.

"మొత్తానికి ఆపేశారన్న మాట. మంచిపని చేశారమ్మా" అన్నాడు జయంత్.

"ఏం ఆపేశాను?" అంది సంపూర్ణమ్మ.

"రంగులు వెయ్యడం."

"ఎవరు చెప్పారు?"

"కాలవే చెబుతోందిగా. ఇక్కడ ఆ పని జరగడం లేదని రాసేసుకుంటాను. మీకూ గొడవుండదు, నాకూ గొడవుండదు."

హెలెన్ అత్తగారి కొంగు లాగింది. "ఊఁ అనండి అత్తయ్యా" అంది గొంతు తగ్గించి. ఊఁ అంటే అంతా అయిపోయేది. ఎవరి పని వాళ్లు చేసుకోవచ్చు. కానీ ఆ మనిషి సంపూర్ణమ్మ. పుల్లయ్య నేర్పిన పని తన చేతుల్లో లేదని ఒక స్కూటర్ కుర్రాడు రాసుకుపోతుంటే ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. రెండు అరచేతులూ చాపి అతని మొహం ముందు పెట్టింది. మోచేతుల దాకా భవానీ ఎరుపు.

"ఇవి చూసి చెప్పు బాబూ, ఆపేశానా? పొద్దున్నే రెండు గంగాళాలు దించాను. రంగు నీళ్లలో లేదంటే, పెంకుల్లో ఉంది. రా, చూపిస్తా."

జయంత్ మొహం మారింది. "అలాగైతే ఈ నీళ్లు పరీక్షకి పంపాలమ్మా. ఫలితం వచ్చేదాకా పని ఆపాల్సి ఉంటుంది."

"ఎన్నాళ్లు?"

"చెప్పలేను. నెల పట్టొచ్చు."

నెలంటే కార్తీకం. సంపూర్ణమ్మ చేతులు చాపినవి చాపినట్టే ఉండిపోయాయి. హెలెన్ అత్తగారి కొంగు వదిలేసింది.

అప్పుడు బసవపున్నయ్య గారు గొంతు సవరించుకున్నారు.

"ఆపితే ఎట్లా కుదురుద్దండీ?" అన్నారు.

"ఫిర్యాదు పెట్టింది మీరే కదా సార్?"

"నేను పెట్టింది కాలవ మీద. కాలవ బాగుందిగా ఇప్పుడు. ఈవిడ మీద నాకేం ఫిర్యాదు?" ఆయన ఒక్కసారి పెరటి వైపు చూశారు. "రేపు తెల్లవారుజామున నేను మాల వేసుకోవాలి. నా బట్టలు లోపల గంగాళంలో ఉన్నాయి."

జయంత్ ఆయన్ని, ఆమె చేతుల్ని, కాలవని మార్చి మార్చి చూశాడు. పెరట్లోకి వెళ్లి డ్రమ్ములు చూశాడు. హెలెన్ వివరంగా చెప్పింది, కావలసిన దానికన్నా చాలా వివరంగా. చివరికి అతను రెండో డ్రమ్ము కిందనుంచి ఒక సీసా నిండా నీళ్లు పట్టుకున్నాడు.

"ఫిర్యాదు చేసినవారే వద్దంటున్నారు, కాలవలో రంగూ లేదు. పని చేసుకోండి. పరీక్షలో ఏమన్నా తేలితే మాత్రం నేనే వస్తాను."

ఫలితం వచ్చింది, కార్తీకం వెళ్లాక. ఇలాగే శుభ్రం చేస్తూ ఉండమని అందులో ఉంది. ఆ నీళ్లలో ఇంకా ఉప్పు ఎక్కువుందనీ, దానికి వేరే ఉపాయం చూడమనీ కూడా ఉంది. హెలెన్ ఆ రెండో మాట పట్టుకుని ఇప్పుడు ఇంకేవో చదువుతోంది. సంపూర్ణమ్మకు మొదటి మాటే వినబడింది.

కానీ ఆ కార్తీకంలోనే ఇంకో చిక్కు వచ్చింది. ఇబ్రహీంపట్నం నుంచి, కొండపల్లి నుంచి వచ్చే భవానీలకు సంపూర్ణమ్మ ఇంటి నంబరు ఎప్పుడూ తెలియదు. ఎర్రకాలవ పట్టుకుని పైకి నడిస్తే ఇల్లొచ్చేది. ఈసారి వచ్చినవాళ్లు కాలవ చూసి, ఆవిడ మూసేసిందనుకుని వెనక్కి తిరిగారు. గేటు ముందు ఎర్రబట్టల్లో నిలబడ్డ బసవపున్నయ్య గారిని చూసి, ఆయన్నే అడగడం మొదలుపెట్టారు. ఒకరికి దారి చెబితే ఇద్దరు వచ్చారు. పూజ మధ్యలో కూడా బెల్లు కొట్టారు. నాలుగో రోజు ఆయన ఓపిక నశించి, చెప్పుల్లేని పాదాలు కాలకుండా నీడ వెంట నడుచుకుంటూ ఆమె పెరట్లోకి వచ్చారు.

"అమ్మా సంపూర్ణమ్మా, ఒక్క మాట. గుర్తుకోసమన్నా కాస్త రంగు వదలకూడదూ కాలవలోకి? మరీ అంత కాదు, లేతగా."

సంపూర్ణమ్మ రోకలి ఆపి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. తను వేసిన ఎరుపు ఆయన ఒంటిమీద చెక్కుచెదరలేదు.

"ఫోనుందిగా మీ దగ్గర భవానీ" అంది. "ఫోటో తీసి పెట్టండి, కాలవలో రంగు రావట్లేదని. ఆ అబ్బాయి వెంటనే వస్తాడు."